వార్చి వండితే ఆలుగడ్డా పథ్యమే

కిడ్నీ జబ్బు అనగానే వంటింట్లో మొదటి వేటు ఆలుగడ్డ మీద పడుతోంది. కానీ అందరూ మానాల్సిన పని లేదు. మానకుండా తినాలంటే మాత్రం ముఖ్యంగా రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఒకటి రక్తంలో పొటాషియం ఎంతుందన్నది, రెండోది గడ్డను ఎలా వండాలన్నది.

నంద్యాలలో ఆదివారం టిఫిన్ అంటే చాలా ఇళ్లలో పూరీ, ఆలుగడ్డ కూరే. ఆళ్లగడ్డలో పెళ్లి భోజనానికి కూర్చుంటే విస్తట్లో ఆలూ కుర్మా పడాల్సిందే. సాయంత్రం బజ్జీల బండి దగ్గర మిరపకాయ బజ్జీ పక్కనే ఆలు బజ్జీ వేగుతుంటుంది. బడికెళ్లే పిల్లల క్యారియర్‌లో ఆలూ వేపుడు ఉంటే అన్నం మిగలదు. బయటి ఊళ్ల నుంచి లారీల్లో వచ్చే ఈ గడ్డ మన వంటింట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డల సరసన ఎప్పుడో చోటు సంపాదించుకుంది. పది రోజులైనా పాడవదు. కూరగాయలు మండిపోయే ఎండాకాలంలో ఇల్లాలికి అక్కరకొచ్చేదీ అదే.

అలాంటి ఇంటికి ఒకరోజు రక్తపరీక్ష రిపోర్టు వస్తుంది. క్రియాటినిన్ పెరిగిందంటారు. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో నిషేధాలు మొదలు. ‘ఉర్లగడ్డ మానాలంట’, ‘టమాటా వద్దంట’, ‘పండ్లు ముట్టుకోకూడదంట’. ఇందులో డాక్టరు చెప్పింది కొంత, చుట్టాలు చెప్పింది కొంత, ఫోన్లో వీడియోలు చెప్పింది మిగతా అంతా. వారం తిరిగేసరికి ఆ మనిషి కంచంలో అన్నం, మజ్జిగ, పలచని చారు తప్ప ఏమీ మిగలవు. నోటికి రుచి ఉండదు, తిండి తగ్గుతుంది, ఒంట్లో కండ కరుగుతుంది. జబ్బు చేసిన కిడ్నీ కంటే భయంతో కట్టుకున్న పథ్యమే ముందు మనిషిని కుంగదీస్తుంది.

ఇంటివాళ్లు డాక్టరు గదిలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “సార్, ఈయనకు ఉర్లగడ్డ పెట్టొచ్చునా?” దీనికి ఒక్క ముక్కలో అవుననో కాదనో జవాబు లేదు. రిపోర్టులో పొటాషియం ఎంతుంది, ఏ దశ జబ్బు, ఏ మందులు వాడుతున్నారు, ఎలా వండుతారు, ఎంత వడ్డిస్తారు అనే ఐదు సంగతుల మీద జవాబు మారుతుంది. ఆ ఐదూ తెలిస్తే చాలామంది కంచంలోకి ఆలుగడ్డ తిరిగి రావచ్చు.

పొటాషియంతో పేచీ ఎక్కడ?

పొటాషియం విషం కాదు. ఒంట్లో ఉన్న పొటాషియంలో సుమారు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. మిగిలిన కాస్తే రక్తంలోనూ కణాల వెలుపలా తిరుగుతుంది. ఈ లోపలి, బయటి పాళ్ల మధ్య తేడా వల్లే నరాలు పనిచేస్తాయి, కండరాలు బిగుస్తాయి, గుండె లయ తప్పకుండా కొట్టుకుంటుంది. కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సిఫారసు చేసింది. రక్తపోటు తగ్గడానికి అది సాయపడుతుంది.

తిన్న పొటాషియంలో సుమారు 90 శాతాన్ని బయటికి పంపేది కిడ్నీలే. మిగిలింది పేగుల ద్వారా పోతుంది. కిడ్నీలు మొరాయిస్తే ఆ పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండటం మామూలు. ఆరున్నర దాటితే అత్యవసరం. కాళ్లు బరువెక్కడం, తిమ్మిర్లు, నీరసం కొందరికి ముందే తెలుస్తాయి. చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు, నేరుగా గుండె లయే దెబ్బతింటుంది. అందుకే ఒంట్లో బాగానే ఉందని ధైర్యపడకూడదు. పరీక్ష చేయించుకునే తెలుసుకోవాలి.

తొక్కతీసిన పచ్చి ఆలుగడ్డ 100 గ్రాముల్లో 400 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. అంతే బరువున్న బీరకాయ, సొరకాయల్లో 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. వండిన తెల్లన్నంలో 35 చాలు. ఆలుగడ్డ మీద అనుమానం రావడానికి కారణం ఈ తేడాయే. అనుమానం న్యాయమైనదే, కానీ వండే పద్ధతి తెలిస్తే ఈ లెక్క మారుతుంది.

ముందు రిపోర్టు, తర్వాతే కూరగాయ

కిడ్నీ జబ్బుకు ఐదు దశలున్నాయి. మొదటి దశల్లో చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. వాళ్లు ఆలుగడ్డ మానేయడం వల్ల కిడ్నీకి ఒరిగేదేమీ లేదు. వాళ్లు చూసుకోవాల్సింది బీపీ, షుగరు, ఉప్పు, నొప్పి మాత్రలు. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా అందరికీ ఒకే పొటాషియం పరిమితి పెట్టలేదు. రక్తంలో అది మామూలు స్థాయిలో నిలిచేలా ఎవరికి వారికి తిండిని సర్దమన్నాయి. 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలదీ అదే మాట. అంతకుముందు పొటాషియం పెరిగిన చరిత్ర ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి, అందులోనూ ప్యాకెట్లలో వచ్చే తయారీ తిండిని ముందు తగ్గించాలి.

పొటాషియం పెరిగిన ప్రతిసారీ తప్పు కూరదే కాకపోవచ్చు. బీపీకి, గుండెకు వాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు పొటాషియాన్ని పెంచగలవు. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీని దెబ్బతీసి మరీ పెంచుతాయి. షుగరు అదుపు తప్పినా, రక్తంలో ఆమ్లం పెరిగినా కణాల్లోని పొటాషియం బయటికొస్తుంది. మలబద్ధకం ఉంటే పేగుల ద్వారా పోవాల్సిందీ పోదు. రక్తం తీసేటప్పుడు సీసాలో కణాలు చిట్లితే రిపోర్టులో అంకె ఉత్తుత్తినే పెరిగి కనిపిస్తుంది. ఇవన్నీ డాక్టరు తేల్చాలి. బీపీ మాత్ర సొంతంగా ఆపేయడం ఆలుగడ్డ తినడం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం.

నానబెడితే చాలదు, ఉడికించి వార్చాలి

ఆలుగడ్డ ముక్కల్ని రాత్రంతా నీళ్లలో నానబెడితే పొటాషియం పోతుందన్న సలహా చాలా ఏళ్లుగా పథ్యం కాగితాల్లో నడుస్తోంది. 2006లో బరోస్, రేమర్ అనే పరిశోధకులు దుంపకూరలను పరీక్షించి, నానబెట్టడం కన్నా నీళ్లు మార్చి రెండుసార్లు ఉడికించడమే ఎక్కువ పనిచేస్తుందని చూపారు. 2008లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పాల్ బెత్కే, షెల్లీ జాన్‌స్కీ ఇంకాస్త లోతుగా చూశారు. రాత్రంతా నానబెట్టినందువల్ల ముక్కల్లో పొటాషియం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ముక్కలుగా కోసి ఉడికిస్తే సగం దాకా పోయింది. తురిమి ఉడికిస్తే నాలుగింట మూడు వంతులు పోయింది.

కారణం తేలికే. పొటాషియం నీళ్లలో కరిగేదే అయినా, పచ్చి గడ్డలో అది కణాల పొరల వెనక ఉంటుంది. చన్నీళ్లలో అది ఆ పొరల్ని దాటి రాలేదు. వేడికి పొరలు చితుకుతాయి, లోపలిది నీళ్లలోకి దిగుతుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ నీళ్లు తగిలే చోటు పెరుగుతుంది. నీళ్లు ఎక్కువుంటే దిగడానికి తావుంటుంది. చివరికి ఆ నీళ్లు పారబోయాలి.

గంజి వార్చి అన్నం వండిన తరం నంద్యాల పల్లెల్లో ఇంకా ఉంది. ఎసరు ఎక్కువ పెట్టడం, పదునుకు రాగానే మూత అడ్డం పెట్టి గిన్నె వంచడం వాళ్ల చేతికి అలవాటే. ఆలుగడ్డకూ అదే చేయాలి.

వంటింట్లో ఇలా

మాదిరి గడ్డ ఒకటి తీసుకుని తొక్క తీయండి. కళ్లు, పచ్చబడిన చోట్లు, మొలకలు ఉంటే కోసి పారేయండి. అర అంగుళం ముక్కలు చేయండి, ఇంకా చిన్నవైతే మరీ మంచిది. ఒకసారి కడిగి, వెడల్పు గిన్నెలో ముక్కలకు నాలుగైదు రెట్లు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. ఉప్పు వేయొద్దు. నీళ్లు తెర్లి ఒక పొంగు రాగానే వార్చేయండి. మళ్లీ కొత్తగా నీళ్లు పోసి, వేలితో నొక్కితే ముక్క మెత్తగా నలిగేదాకా ఉడికించండి. ఆ నీళ్లూ వార్చేయండి. చిల్లుల గిన్నెలో కాసేపు ఉంచితే చెమ్మ ఆరుతుంది.

తాలింపుకు చెంచాడు నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, కరివేపాకు చాలు. ముక్కలు వేసి, చిటికెడు పసుపు, కొంచెం ధనియాల పొడి చల్లి, దింపాక నిమ్మరసం పిండండి. వార్చిన ముక్క చప్పగా ఉంటుందని ఉప్పు రెండింతలు వేస్తే చేసిన పనంతా వృథా. పులుపు, కారం, తెల్లగడ్డ ఘాటు ఆ లోటు తీరుస్తాయి. మన సీమ వంటలో చేయి తిరిగినవాళ్లు కూర దింపేముందు బుడ్డల పొడి చల్లుతారు. బుడ్డల్లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువ. టమాటా, చింతపండు కూడా ఆ ముక్కల్లోంచి తీసేసిన పొటాషియాన్ని తిరిగి తెచ్చి పెడతాయి. ఈ ఒక్క గిన్నె వరకు వాటిని పక్కన పెట్టండి.

వడ్డించేటప్పుడు కొలత కావాలి. కళ్లతో అంచనా వేస్తే గరిటె పెద్దదవుతుంది. ఇంట్లో ఒక చిన్న స్టీలు గిన్నెను కొలతకు కేటాయించి, డైటీషియన్‌కు చూపించి, ‘వారంలో ఎన్నిసార్లు ఈ గిన్నెడు?’ అని అడిగి రాసుకోండి. వార్చి వండింది కదా అని ఎంతైనా తినొచ్చనుకోకూడదు. సగం పొటాషియం పోయిన కూర రెండింతలు తింటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంటిల్లిపాదికీ ఇలా వండాల్సిన పని లేదు. నీళ్లు వార్చితే పొటాషియంతోపాటు మెగ్నీషియం, విటమిన్ సి వంటివీ పోతాయి. పిల్లలకూ కిడ్నీలు బాగున్న పెద్దలకూ అవన్నీ కావాలి. గడ్డలన్నీ ఒకేసారి కోసి, ఒకరి పాలు వేరే గిన్నెలో వార్చి, తాలింపు మాత్రం అందరికీ ఒకటే పెట్టుకోవచ్చు. జబ్బు మనిషికి వేరే వంట చేశామన్న బాధ ఇంటివాళ్లకూ ఉండదు, పరాయివాణ్ణయ్యానన్న దిగులు ఆయనకూ ఉండదు.

ఏ రూపంలో ముప్పు?

గడ్డ ఒకటే అయినా వండే తీరును బట్టి ముప్పు మారుతుంది. తొక్కతో సహా కుక్కర్లో ఉడికించిన గడ్డలో పొటాషియం దాదాపు అలాగే ఉంటుంది. కుర్మాకు, పూరీ కూరకు ఎక్కువమంది చేసేది అదే. బజ్జీకి పచ్చి చక్రాలు కోసి శనగపిండిలో ముంచుతారు. అక్కడ వార్చడమే లేదు, పైగా శనగపిండిలోనూ పొటాషియం దండిగా ఉంది. వేపుడులో నీరు ఆవిరైపోతుంది, పొటాషియం మిగిలిపోతుంది. ప్యాకెట్ చిప్స్ 100 గ్రాముల్లో 1,100 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, ఆపైన ఉప్పు. పులుసులో, సాంబారులో పచ్చి ముక్కలు వేస్తే పొటాషియం రసంలోకి దిగుతుంది, ఆ రసాన్నే మనం అన్నంలో కలుపుకుంటాం. పులుసులోకి వేయాలనుకుంటే ముందు విడిగా ఉడికించి వార్చిన ముక్కలే వేయాలి.

పెళ్లిళ్లలో, హోటళ్లలో ఈ సంగతులు అడిగి తెలుసుకోవడం కుదరదు. పొటాషియం ఎక్కువున్నవాళ్లు బయటి ఆలుగడ్డ వదిలేసి, ఇంటి ఆలుగడ్డ తినడం మేలు.

మహానంది అరటి, ఉద్దానం కొబ్బరి

ఆలుగడ్డ ఒక్కదాన్నే దోషిని చేసి మిగతావాటిని వదిలేయడం మన ప్రాంతంలో తరచూ జరిగే పొరపాటు. మహానంది చుట్టుపక్కల అరటితోటలు విస్తారం. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లొచ్చినా, మహానంది వెళ్లొచ్చినా సంచిలో అరటిపండ్లు ఉంటాయి. ఒక మాదిరి పండులో 400 మిల్లీగ్రాముల దగ్గర పొటాషియం ఉంటుంది, దాన్ని వార్చే వీలు లేదు. నంద్యాల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో చుట్టాలు ప్రేమతో కొబ్బరిబోండం తెస్తారు. గ్లాసు కొబ్బరినీళ్లలో 400 నుంచి 600 మిల్లీగ్రాములుంటుంది. ఉర్లగడ్డ మానేసి రోజూ బోండం తాగుతున్న మనిషికి పొటాషియం ఎందుకు దిగలేదని ఇంట్లో ఆశ్చర్యపోతారు.

రాష్ట్రానికి ఆ చివర, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఇదే చిక్కు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఊళ్లను పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కొబ్బరితోటలకు పేరైన నేల అది. పెరటి చెట్టు నీళ్లే తాగకూడదని మనిషికి చెప్పడం ఎంత కష్టమో అక్కడి కుటుంబాలకు తెలుసు. పలాసలో 2023 డిసెంబర్ 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ ఆసుపత్రి గాని, మన ఆసుపత్రులు గాని చెప్పే పథ్యం ఆ నేల మీద ఏం పండుతుందో, అక్కడి జనం ఏం తింటారో ఎరిగి ఉండాలి.

ఇంకొక ముప్పు ఆరోగ్యం పేరుతోనే ఇంట్లోకి వస్తోంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పుల వాడకాన్ని సిఫారసు చేస్తూనే, కిడ్నీ పనితీరు దెబ్బతిన్నవాళ్లకు అది వర్తించదని స్పష్టం చేసింది. ప్యాకెట్ వెనక అక్షరాలు చదవకుండా ఉప్పు మార్చకండి.

ఒకప్పుడు ఇదే మందు

1960ల్లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో కొఫ్రాని, యెకాట్ అనే పోషకాహార శాస్త్రవేత్తలు ప్రొటీన్ల మీద పనిచేశారు. మొత్తం ప్రొటీన్‌లో సుమారు 35 పాళ్లు గుడ్డు నుంచి, 65 పాళ్లు ఆలుగడ్డ నుంచి వస్తే, చాలా తక్కువ ప్రొటీన్‌తోనే శరీర అవసరం తీరుతుందని తేల్చారు. డయాలసిస్ అందరికీ అందని కాలం అది. ప్రొటీన్ తగ్గితే రక్తంలో మలినాలూ తగ్గుతాయి. ఆ ఆధారంతో జర్మన్ వైద్యులు కిడ్నీ రోగులకు ఆలుగడ్డ, గుడ్డు కలిపిన పథ్యం పెట్టారు.

ఇవాళ దాన్ని అలాగే పాటించమని ఎవరూ చెప్పరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రొటీన్ ఎక్కువ కావాలి, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు. కానీ ఆ చరిత్ర ఒక మాట చెబుతుంది. ఆలుగడ్డలో ప్రొటీన్ కొద్దిగానే ఉన్నా మేలైనది. పప్పులతో పోలిస్తే ఫాస్ఫరస్ చాలా తక్కువ. ఆకలి తీరుస్తుంది, శక్తినిస్తుంది. తిండి సహించక చిక్కిపోతున్న రోగికి ఇవి చిన్న సుగుణాలు కావు.

షుగరు కూడా ఉన్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఆలుగడ్డ కూర కింద కాదు, అన్నం కింద లెక్క. అది వడ్డించిన పూట అన్నం అంత మేర తగ్గాలి. ఆ రోజు అరటిపండు, టమాటా పప్పు, ఆకుకూర లేకుండా చూసుకుని, రెండో పూటకు బీరకాయో సొరకాయో వండుకుంటే పొటాషియం లెక్క అదుపులో ఉంటుంది. డయాలసిస్ మధ్య రెండు రోజుల విరామం వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. ఆ పెద్ద విరామం చివర్లోనే గుండె ప్రమాదాలు, మరణాలు ఎక్కువగా జరుగుతున్నాయని 2011లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ రెండు రోజులూ ఆలుగడ్డకు సెలవివ్వండి. డయాలసిస్‌కు ఏ కారణంతోనూ గైర్హాజరు కావద్దు.

అడిగి తెచ్చుకోవాల్సింది

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. 2023 సెప్టెంబర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం డయాలసిస్ ఖర్చు భరిస్తోంది. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. ప్రభుత్వం ఇంత చేస్తున్నప్పుడు, రోగి రోజుకు మూడుసార్లు ఎదుర్కొనే ప్రశ్నకు, అంటే ఏం తినాలన్న ప్రశ్నకు, జవాబు చెప్పే మనిషి కూడా ప్రతి డయాలసిస్ కేంద్రంలో ఉండాలి. పథ్యం కాగితం తెలుగులో ఉండాలి. అందులో బ్రకోలీ, బెర్రీల బదులు మన సంతలో దొరికే బీర, సొర, పుంటికూర, ఉర్లగడ్డ ఉండాలి. గ్రాముల పక్కన గిన్నె కొలత ఉండాలి. వద్దు అన్న ప్రతి మాట పక్కన ‘ఇలా అయితే తినొచ్చు’ అన్న వరస ఉండాలి. కొత్త వైద్య కళాశాల పూనుకుంటే ఈ పని కష్టం కాదు.

అప్పటిదాకా ఇంటివాళ్లు చేయగలిగింది ఉంది. ఆళ్లగడ్డ నుంచి 40 కిలోమీటర్లు ప్రయాణం చేసి నంద్యాల ఆసుపత్రికి వెళ్లేవాళ్లు వట్టి చేతులతో తిరిగి రాకూడదు. ఈసారి వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ‘ఈయన పొటాషియం ఇప్పుడెంత? పోయినసారి కంటే పెరిగిందా? పెంచే మందులేమైనా ఉన్నాయా? ఉడికించి వార్చిన ఉర్లగడ్డ వారంలో ఎన్నిసార్లు, ఎంత పెట్టొచ్చు?’ జవాబులు అక్కడే రాయించుకోండి. మూడో ప్రశ్న దాకా జవాబు బాగుంటే, నాలుగోదానికి ‘అసలే వద్దు’ అనే జవాబుతో సరిపెట్టుకోకండి. కారణం అడగండి. పథ్యం అర్థమైనవాళ్లే దాన్ని ఏళ్ల తరబడి నిలుపుకోగలరు.